ట్రైలరు మూసే పని

ఆర్లెన్ కివెలా వేళ్లు మడిచి, చేతి వెనకవైపును నీళ్ల హీటరు రేకు తలుపుకి ఆనించి చూశాడు. ఇంకా వేడిగానే ఉంది.

“పొద్దున్నే స్నానం చేశావా?” అని అడిగాడు.

కోరిన్ ట్రైలరు మెట్టు మీద నిలబడి చేతి తొడుగులు విప్పుకుంటోంది. “చేశాను. ఏం, చెయ్యకూడదా?”

“టాంకు చల్లారితే గానీ బోల్టు కదపకూడదు. ఒళ్లు కాలిపోతుంది.”

“నువ్వొస్తావని నాకేం నమ్మకం? రాకపోతే వేణ్ణీళ్ల స్నానమైనా దక్కుతుంది కదా అనుకున్నాను.”

సరస్సు మీంచి గాలి కొడుతోంది. చుట్టుపక్కల ట్రైలర్లు, వేసవిలో వచ్చి ఉండే ఆ చక్రాల ఇళ్లు, చలికాలానికి దాదాపు అన్నీ మూతపడ్డాయి. కిటికీలకు పరదాలు దించి, మెట్లు ఊడదీసి, ఆరుబయట పొయ్యిలు బోర్లించి వెళ్లిపోయారు జనం. ఎర్రటి మేపుల్ ఆకులు తడిసి వాటి కప్పులకు అంటుకుపోయాయి. ఆ వరసలో కోరిన్ ట్రైలరు ఒక్కటే ఇంకా తెరిచి ఉంది.

“కంపెనీ వాళ్లను పిలవాల్సింది,” అన్నాడు ఆర్లెన్, పనిముట్ల పెట్టె నేలమీద దించుతూ. “ఇప్పుడు ఈ స్థలం నడిపే క్రెయిగ్ అన్నీ వాళ్లచేతే మూయిస్తున్నాడటగా.”

“మా ఆయన లియో పోయిన దగ్గర్నుంచీ దీన్ని మూసింది నువ్వు. కొనుక్కున్నవాళ్లు మే నెలలో గానీ రారు. అందాకా ఇది నాదే. నాదాన్ని నువ్వే ముయ్యాలి.”

ఇదే మాట ఫోన్లోనూ అంది. అతను కుదరదన్నాడు. బండి లేదు, ట్రక్కు చెల్లెలి కొడుక్కి ఇచ్చేశానన్నాడు. ఆమె మారుమాట్లాడకుండా ఫోను పెట్టేసి, తన కారేసుకొచ్చి అతని గుమ్మం ముందు హారన్ కొట్టింది.

ఆర్లెన్ లోపలికెళ్లి హీటరు మీట చూశాడు. ఆపే ఉంది. బయటికొచ్చి గ్యాసు బండ మీద బిరడా తిప్పి చూశాడు. బిగించే ఉంది. నీళ్లు లేని టాంకుకి కరెంటు తగిలితే లోపలి తీగ రెప్పపాటులో మాడిపోతుంది. ఆ సంగతి అతనికి నిద్రలో అడిగినా తెలుసు. అయినా మళ్లీ లోపలికెళ్లి మీట చూశాడు. ఇంకోసారి వెళ్లబోతుంటే కోరిన్ తలుపుకి అడ్డంగా నిలబడింది.

“నేనూ చూశాను ఆర్లెన్. ఆపే ఉంది.”

“సరిగ్గా చూశావా?”

“కళ్లజోడు పెట్టుకుని మరీ చూశాను.”

ఆ మాటతో అతని భుజాలు కాస్త దిగాయి. పక్కకు తప్పుకుని మెట్టు మీద కూర్చున్నాడు. టాంకు చల్లారే దాకా చెయ్యాల్సిందేమీ లేదు.

ఆమె లోపల్నుంచి రెండు పాస్టీలు పళ్లెంలో పెట్టి తెచ్చింది. పిండిపొరలో మాంసమూ బంగాళదుంపా కూరి కాల్చినవి, రేకుకాయితం విప్పగానే ఆవిరి లేచింది. పక్కనే టొమాటో సాసు సీసా కూడా పెట్టింది.

“ఈ ఎర్రనీళ్లు పోసుకుని తినేవాడితో కూర్చుని తినడం మా అమ్మ చూస్తే నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు,” అంది.

“మీ అమ్మ దీనిమీద గ్రేవీ పోసేది. ఆవిడా నాకు చెప్పేది?”

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. తర్వాత అతను సాసు సీసా మూత బిగించాడు. వేసవి మొదట్లో, జూన్లో ఒక సాయంత్రం, ఇదే మెట్టు మీద, ‘నాకు ఒంటరిగా ఉండడమే బాగుంది కోరిన్’ అని ఆమెకి చెప్పి వెళ్లిపోయాడతను. దానికి ముందు ఏప్రిల్లో, వచ్చే చలికాలం ఆమె ఇంట్లో ఇద్దరూ కలిసి గడుపుదామని అనుకున్నారు. ఆవిరిస్నానానికి అతను వాడే సౌనా పొయ్యిని ఆమె పెరట్లో ఎక్కడ పెట్టాలో కూడా ఇద్దరూ అడుగులు వేసి చూసుకున్నారు. అతను వద్దన్నాక ఆమె కారణం అడగలేదు. అతను చెప్పలేదు.

“గ్రీన్ బే వెళ్లడం ఎప్పుడు?” అన్నాడు, పళ్లెంలోకి చూస్తూ.

“నువ్వు ఈ పని ముగించగానే. ఇల్లు అప్పగించేశాను. సామాను ముందే వెళ్లిపోయింది. మా అమ్మాయి బెకీ మళ్లీ ఉద్యోగంలో చేరుతోంది, పసిదాన్ని నేను చూసుకోవాలి.”

“మంచిదే.”

“అవును, మంచిదే,” అంది ఆమె, రేకుకాయితాన్ని చిన్న ఉండగా నలుపుతూ.

మధ్యాహ్నం దాటాక ఆర్లెన్ మళ్లీ చెయ్యి ఆనించి చూశాడు. చల్లబడింది. లోపల వేణ్ణీళ్ల కుళాయి తిప్పించి, బయట హీటరు పైనున్న చిన్న పిడి ఎత్తాడు. పైపుల్లో పట్టి ఉన్న ఒత్తిడి చిన్న బుసతో బయటికొచ్చింది. ఇక కింది బోల్టు తియ్యాలి. అతను పానా చేతిలోకి తీసుకుని, తీసుకున్నవాడు తీసుకున్నట్టే ఆగిపోయాడు.

“కోరిన్, నువ్వు ఇలా వచ్చి నిలబడు.”

“నేనెందుకు?”

“నేను తీస్తుంటే చూడు.”

“నాకేం తెలుసు దాని గురించి?”

“తెలియక్కర్లేదు. నీళ్లు వచ్చాయో లేదో చూస్తే చాలు.”

ఆమె అతని మొహంలోకి చూసింది. వేళాకోళం కాదని తెలిసి, కోటు దగ్గరికి లాక్కుని వచ్చి పక్కన నిలబడింది.

బోల్టు పట్టేసింది. అతను పానా చివరకు ఇనపగొట్టం తొడిగి, మోకాలు నేలకి ఆన్చి, బరువంతా వేశాడు. ముందు కీచుమంది. తర్వాత ఒక్క కుదుపుతో వదిలింది. నాలుగు చుట్లు చేత్తో తిప్పి పక్కకు జరిగేసరికి నీళ్లు ధారగా దూకాయి. మొదట తేటగా, తర్వాత అడుగున పేరుకున్న సున్నం తెల్లటి పెచ్చులుగా కొట్టుకొస్తూ, గులకరాళ్ల మీద పడి చిందాయి. అతని ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. అతను లేవలేదు.

“వస్తున్నాయి,” అన్నాడు.

“వస్తున్నాయి. చూస్తున్నాను.”

“చివరిదాకా చూడు.”

ధార సన్నబడింది, చుక్కలైంది, చుక్కలూ ఆగాయి. బోల్టుతోపాటు బయటికొచ్చిన పొడవాటి కడ్డీని అతను పైకెత్తి చూశాడు. టాంకుకి పట్టాల్సిన తుప్పునంతా తన మీదకు లాక్కునేందుకే పెడతారు దాన్ని. చేతివేలంత లావుండాల్సింది, మధ్యలో తీగ మిగిలి, చుట్టూ పుచ్చిపోయి ఉంది.

“ఇది మార్చాలి. రేపు కొట్లో కొత్తది కొందాం.”

“ఎలాగూ నేను ఉండను. వాళ్లే మార్చుకుంటారులే.”

“పనంటే పనే,” అన్నాడు అతను. గొట్టంపెట్టి టాంకు లోపల కడిగాడు, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగాడు. ఆ తర్వాత బోల్టునీ కడ్డీనీ ఒక సంచిలో వేసి, వంటగది కుళాయికి తగిలించాడు. అలా తగిలించడం మొదట్నుంచీ అతని అలవాటు. వసంతంలో వచ్చినవాళ్లు కుళాయి మీద చెయ్యి వేసేసరికి సంచి తగులుతుంది, బోల్టు బిగించాలని గుర్తొస్తుంది.

సంచి ముడిని అతను రెండోసారి లాగి బిగించాడు. పోయినేడు పక్క వరసలోని హోల్‌కోమ్ వాళ్ల ట్రైలర్లో కూడా ఇలాగే తగిలించానని అతనికి గుర్తు. కానీ మొన్న మే నెలలో క్రెయిగ్ తీసుకెళ్లి చూపించినప్పుడు అక్కడ సంచి లేదు. బోల్టు హీటరుకే బిగించి ఉంది. లోపలి నీళ్లు గడ్డకట్టి టాంకు నిలువునా పగిలి, గోడకింద చెక్కంతా నాని ఉబ్బిపోయి ఉంది. ‘దీన్ని మీరు ఖాళీ చేశారా ఆర్లెన్?’ అని అడిగాడు క్రెయిగ్. చేశాననే నోటిదాకా వచ్చింది. కానీ కళ్లముందున్నది కాదంటోంది. ‘చేశాననే అనుకుంటున్నాను,’ అన్నాడు. క్రెయిగ్ అతని భుజం మీద చెయ్యి వేసి, ఇక కాస్త విశ్రాంతి తీసుకోమన్నాడు. ఆ చెయ్యి బరువు ఇంకా అక్కడే ఉన్నట్టు ఉంటుంది అతనికి.

మర్నాడు కొట్లో కడ్డీ కొనుక్కుని వచ్చేసరికి పక్క వరసలో ఒక కారు ఆగి ఉంది. ఆర్లెన్ కొత్త కడ్డీని పాతదాని స్థానంలో సంచిలో వేసి, లోపల మంచం కింది పలక ఎత్తాడు. అక్కడే పైపుల వాల్వులు ఉంటాయి. వాటిని అడ్డం తిప్పితే గులాబీ మందు హీటరులోకి పోకుండా పక్కదారిన పైపుల్లోకి మాత్రమే పోతుంది. ఎంత చలికైనా గడ్డకట్టని మందు అది. పైపుల్లో దాన్ని నింపేస్తే చలికాలం అవి పగలవు. తిప్పిన వాల్వుల మీద వేలు పెట్టి చూపించి, “ఇవి అడ్డంగా ఉన్నాయా?” అని అడిగాడు.

“ఉన్నాయి,” అంది కోరిన్ చీకట్లోకి వంగి. లేస్తూ, “ఇంతకు ముందెప్పుడూ నన్ను ఇలా సాక్ష్యానికి పిలవలేదు నువ్వు,” అంది.

“మనుషులన్నాక మర్చిపోతుంటారు.”

“నువ్వా? నా పెళ్లిరోజు కూడా నాకంటే ముందు నీకే గుర్తొస్తుంది.”

అతను మందు డబ్బా తీసుకురావడానికి బయటికొచ్చాడు. వచ్చేసరికి పక్క వరస కారులోంచి దిగిన మనిషి చెయ్యి ఊపుతూ ఇటే వస్తోంది. ప్యాటీ హోల్‌కోమ్. పళ్లడాక్టరుగారి భార్య. ఆమెను చూడగానే అతనికి డబ్బా చేతిలో పట్టుకున్నట్టు కూడా తెలియలేదు.

“ఆర్లెన్, మీరేనా? ఎన్నాళ్లకు కనిపించారు. మీరు పని మానేశారని క్రెయిగ్ చెప్పాడు. విశ్రాంతి బాగుందా?”

“బాగానే ఉంది.” అతను మాట కూడదీసుకున్నాడు. “మీ హీటరు సంగతి... నేను మీకు ముందే చెప్పాల్సింది. నాకు చాలా బాధగా ఉంది.”

“అయ్యో, దానికి మీరేం చేస్తారు? పాత టాంకు, చలికి పోయింది. క్రెయిగ్ కొత్తది పెట్టించాడు. పోనీలెండి, అది పోయేముందు మాకు మంచి వారం ఇచ్చింది.”

“ఏ వారం?”

“జింకల వేటప్పుడు. మా మరిది రస్ ఉన్నాడుగా, వాడికి పోయినేడు వేటకి పర్మిట్ దొరికింది. మోటెళ్లన్నీ నిండిపోయాయి. ట్రైలరు ఉండగా మోటెలెందుకని ఇక్కడికే వచ్చేశాం. నవంబర్లో అంత ఎండ నేనెప్పుడూ చూడలేదు. పగలంతా వాళ్లు అడవిలో, నేను ఈ అరుగు మీద పుస్తకం పట్టుకుని. సాయంత్రం వచ్చి వేణ్ణీళ్లతో స్నానాలు.”

ఆర్లెన్ డబ్బా నేలమీద పెట్టాడు. “వేణ్ణీళ్లు ఎలా వచ్చాయి? నేను అంతా మూసి వెళ్లాను కదా.”

“రస్‌కి ఇవన్నీ తెలుసు. డబ్బాలతో నీళ్లు తెచ్చి పోశాడు, కింద ఏవో తిప్పాడు. కుళాయికి మీరు తగిలించిన సంచి చూసి, ‘అబ్బ, ఈ మనిషి ఎంత పద్ధతిగా పెట్టాడు’ అని మెచ్చుకున్నాడు కూడా.”

“సంచి.”

“అవును, బోల్టు ఉన్న సంచి.”

“వెళ్లేటప్పుడు మళ్లీ ఎవరు మూశారు?”

ఆమె ఆలోచించింది. “రస్సే. కుళాయిలన్నీ తెరిచి కాసేపు వదిలేశాడు. పైపుల్లో ఏమీ లేదు, ఇక చాలన్నాడు. వర్షం మొదలైంది, అందరం తొందరలో ఉన్నాం.” అప్పుడు ఆమె మొహంలో ఏదో కదిలింది. “ఎందుకూ? అలా చెయ్యకూడదా?”

అతను చెప్పగలిగేవాడే. కుళాయిలు తెరిస్తే పైపులు ఖాళీ అవుతాయి గానీ టాంకు కాదని, బోల్టు తియ్యనిదే దాంట్లో నీళ్లు కదలవని. చెప్పలేదు. “చలి అందరికీ చెప్పి రాదు,” అని మాత్రం అన్నాడు. ఆమె కాసేపు నిలబడి, కోరిన్‌ని పలకరించి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి తన ట్రైలరు వైపు వెళ్లిపోయింది.

కోరిన్ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతవరకూ విన్నదో అతనికి తెలియదు.

“ఇప్పుడే వస్తాను,” అన్నాడు.

క్రెయిగ్ ఆఫీసు దగ్గర ఐస్‌క్రీమ్ అమ్మే కిటికీకి చెక్కపలకలు కొడుతున్నాడు. నోట్లో మేకులు పట్టుకుని ఉన్నాడు. ఆర్లెన్‌ని చూసి వాటిని అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. ఆర్లెన్ ఇతని తండ్రి దగ్గర పనికి చేరినప్పుడు క్రెయిగ్ ఇదే కిటికీ అందక ఎగిరేవాడు.

“ఆర్లెన్, మీరు ఇక్కడున్నారని తెలియదే. లోపలికి రండి, కాఫీ ఉంది.”

“హోల్‌కోమ్ వాళ్లు నవంబర్లో వచ్చారు. వేటకి. నేను మూసిన తర్వాత.”

క్రెయిగ్ సుత్తి దించాడు. “ఎవరు చెప్పారు?”

“ఆవిడే. నీళ్లు పోసుకుని, హీటరు వెలిగించుకుని, వారం ఉన్నారు. బోల్టు బిగించింది వాళ్ల మరిది.”

క్రెయిగ్ అతని వైపు కాక, కొట్టిన పలక వైపు చూశాడు. “నాకెవరూ చెప్పలేదే. నవంబర్లో నేను ఇక్కడ ఉండను కదా.”

“నువ్వు వాళ్లను అడగలేదు.”

“అడగడానికి ఏముంది? బోల్టు బిగించి ఉంది. మీరే అన్నారు, చేశాననే అనుకుంటున్నానని. మీరు గట్టిగా చెప్పి ఉంటే నేను ఇంకోలా ఆలోచించేవాణ్ణి. నేను మిమ్మల్ని ఒక్క మాటైనా తూలానా?”

“తూలలేదు. అదే వచ్చిన చిక్కు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. నువ్వు నా భుజం మీద చెయ్యేశావు క్రెయిగ్. నేను ఇంటికెళ్లి, నా బుర్ర పాడైపోతోందని అనుకున్నాను.”

క్రెయిగ్ మొహం ఎర్రబడింది. సుత్తిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “క్షమించండి. నిజంగా. వచ్చే ఏడు మీరే రండి. ఆ కంపెనీ వాళ్లకంటే మీరే నయం, ఆ మాట నేను ఎప్పుడూ అంటూనే ఉన్నాను. ఊళ్లో కూడా చెప్తాను, మీ తప్పు కాదని.”

“చెప్పు.”

“మరి వస్తారా?”

ఆర్లెన్ సరస్సు వైపు చూశాడు. పడవలు కట్టే చెక్కవంతెనను అప్పటికే ముక్కలుగా విప్పి గట్టు మీద పేర్చారు. ఈ మాట విన్నాక ఒళ్లు తేలికపడుతుందని అనుకున్నాడు. తేలికపడలేదు. “రాను,” అని వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రం ఆర్లెన్‌ని ఇంటికి దింపేటప్పుడు వర్షం పడుతోంది, వైపర్లు ఆడుతున్నాయి. మలుపు దగ్గర కోరిన్ వేగం తగ్గించింది.

“వాళ్ల టాంకు పగలడం నీ తప్పని అనుకున్నావా ఇన్నాళ్లూ?”

“తప్పు కాదు. మర్చిపోయాననుకున్నాను. పని చేసినట్టు గుర్తు, కానీ చెయ్యలేదని కళ్లముందు ఉంది. అంటే ఇక దేన్ని నమ్మాలి? మా నాన్నకి అలాగే మొదలైంది. చివరికి మమ్మల్ని గుర్తుపట్టేవాడు కాదు. అందుకే ట్రక్కు ఇచ్చేశాను. దారిలో ఎవర్నైనా గుద్దుతానేమోనని. మంచు గట్టిపడ్డాక సరస్సు మీదకు చేపలకు వెళ్లడం కూడా మానేద్దామనుకున్నాను.”

“డాక్టరు దగ్గరికి వెళ్లావా?”

“లేదు.”

“ఎందుకు వెళ్లలేదు?”

“అవునంటాడని.”

ఆమె కారును రోడ్డు పక్కకు తీసి ఆపింది. ఇంజను ఆపలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి.

“జూన్లో నాకు ఒంటరిగా ఉండడమే ఇష్టమన్నావు. అది దీనివల్లేనా?”

అతను తలూపాడు. “నువ్వు లియోని చూసుకున్నావు. అన్నేళ్లు, ఆ మంచం పక్కన. మళ్లీ అదే నీ నెత్తిన పెట్టలేననుకున్నాను.”

“నేనేం అనుకున్నానో తెలుసా? ఏప్రిల్లో నేను తొందరపడి అడిగేశాననుకున్నాను. నీకు మొహమాటం కొద్దీ అప్పుడు సరేనన్నావు, తర్వాత బయటపడ్డావని. వేసవంతా ఆ మెట్టు మీద కూర్చున్నప్పుడల్లా నాకు సిగ్గుగా ఉండేది. ఈ వయసులో ఎందుకు నోరు జారానా అని. ఇక్కడ ఉండలేక బెకీకి ఫోన్ చేశాను. వస్తానని చెప్పింది నేనే, అది రమ్మనలేదు.”

“కోరిన్—”

“ఆగు. క్రెయిగ్ వాళ్లను అడగకుండా తేల్చేశాడని వెళ్లి నిలదీసి వచ్చావు. న్యాయమే. మరి నువ్వు నన్ను అడిగావా?”

అతను తల అడ్డంగా ఊపాడు. లేదు.

“నువ్వు నన్ను అడిగి ఉంటే,” అంది ఆమె, గొంతు పెంచకుండా, “ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లం. అవునంటే అవును. అప్పుడు ఏం చెయ్యాలో నేను చెప్పేదాన్ని. చూసుకోవడం నాకు బరువో కాదో చెప్పాల్సింది నేను. లియోని చూసుకున్న ఆ ఏళ్లు బరువని నీకెవరు చెప్పారు?”

వర్షం అద్దం మీద పేరుకుంది. వైపర్లు తుడిచాయి. మళ్లీ పేరుకుంది. వెనక నుంచి ఒక లారీ వీళ్లను దాటి, నీళ్లు చిమ్మి పోయింది. ఆమె చివరకు గేరు వేసింది. అతని ఇంటి ముందు ఆపింది. అతను దిగేటప్పుడు, “రేపు పొద్దున వస్తాను. పైపుల పని మిగిలింది కదా,” అంది.

మర్నాడు ఎండ వచ్చింది, చలి ఎక్కువైంది. గడ్డి మీద మంచు తెల్లగా పట్టింది. ఆర్లెన్ పంపు గొట్టాన్ని గులాబీ మందు డబ్బాలో ముంచి, మీట వేశాడు. పంపు గొరగొరమని లాగడం మొదలెట్టింది.

“వంటగది చన్నీళ్ల కుళాయి,” అన్నాడు. ఆమె తిప్పింది. ముందు గాలి దగ్గింది, కుళాయి ఉమ్మినట్టు నీళ్లు చిమ్మాయి, తర్వాత లేతగా, తర్వాత ముదురుగా గులాబీ రంగు దిగింది.

“వచ్చింది.”

“కట్టెయ్. ఇప్పుడు వేణ్ణీళ్లది.”

ఇవాళ అతను ఏదీ రెండోసారి చూడలేదు. వాల్వులు చూడలేదు, గ్యాసు బండ చూడలేదు. ఆ సంగతి ఆమె గమనించిందని అతనికి తెలిసింది. స్నానాల గది, మరుగుదొడ్డి, బయటి కుళాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఆమె తిప్పడం, అతను చెప్పడం. ఇద్దరి చేతులూ ఆ పనికి ముందే అలవాటుపడినట్టు సాగిపోయాయి. ఇలాంటి పొద్దులు ఎన్ని ఉండేవో అని అతనికి అనిపించింది. ఆమె పెరటి మంచు తవ్వడం, సౌనాకి కట్టెలు కొట్టడం, పాస్టీ మీద ఏది పోసుకోవాలన్న దానిమీద రోజూ అదే వాదన. అవన్నీ ఎవరో తీసుకుపోలేదు. తనే, మెట్టు మీద నిలబడి, ఒక్క వాక్యంలో ఇచ్చేశాడు.

తూముల్లో మిగిలిన మందు పోసి, పంపు ఆపి, ఫ్రిజ్ తలుపు తెరిచి ఉండేలా మధ్యలో గుడ్డముక్క పెట్టాడు. కోరిన్ పరుపులు నిలబెట్టింది. ఆఖరున గోడకున్న లియో ఫొటో తీసి, తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. తలుపుకి తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చి వచ్చింది. క్రెయిగ్ ఏమన్నాడో చెప్పలేదు. అతనూ అడగలేదు.

ఆర్లెన్ ఇంటి ముందు కారు ఆగింది. వెనక సీటంతా ఆమె సామానుతో నిండి ఉంది, కిటికీకి ఆనుకుని ఒక దీపం గొడుగు. ఇక్కడి నుంచి ఆమె నేరుగా గ్రీన్ బే దారి పడుతుంది. అతను దిగి, పనిముట్ల పెట్టె తీసుకుని, కారు తలుపు మాత్రం వెయ్యకుండా పట్టుకుని నిలబడ్డాడు.

“ఉండిపోతావా అంటే ఏమంటావు?” అన్నాడు.

“అడుగుతున్నావా, అడిగితే ఏమంటానో కనుక్కుంటున్నావా?”

అతను పెట్టె కింద పెట్టాడు. “అడుగుతున్నాను. ఉండిపో కోరిన్. నా ఇంట్లో చోటుంది. డాక్టరు దగ్గరికి కూడా వెళ్తాను. ఉంటావా?”

ఆమె అతని వెనకున్న ఇంటిని చూసింది, గోడ వారన పేర్చిన కట్టెలను చూసింది.

“లేదు ఆర్లెన్. పసిదాన్ని చూస్తానని బెకీకి మాటిచ్చాను. అది నన్ను నమ్ముకుని ఉద్యోగానికి ఒప్పుకుంది. ఇప్పుడు నేను రానంటే దాని పని మధ్యలో ఆగిపోతుంది.”

“సరే.”

“జూన్లో అడిగి ఉంటే...” అంది. పూర్తి చెయ్యలేదు. చెయ్యి చాచి అతని కోటు గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది. “ట్రక్కు వెనక్కి తీసుకో. గ్రీన్ బే మరీ దూరమేం కాదు.”

“రమ్మంటున్నావా?”

“నాకు తెలియదు. ముందు నన్ను వెళ్లనీ.”

అతను తలుపు వేశాడు. కారు వెనక్కి వచ్చి, మట్టిదారిలో మెల్లగా పోయి, పెద్దరోడ్డు కలిసే చోట ఆగింది. కారు మలుపు దీపం వెలిగి ఆరుతోంది. అటునుంచి గానీ ఇటునుంచి గానీ ఒక్క బండీ రావడం లేదు. దారంతా ఖాళీగా ఉంది. అయినా కారు కదల్లేదు. ఆర్లెన్ అటే చూస్తూ నిలబడ్డాడు. దీపం వెలుగుతూ, ఆరుతూ, వెలుగుతూ ఉంది. ఆ తర్వాత కారు దక్షిణానికి, గ్రీన్ బే వైపు తిరిగింది.